మైసిర్ వేషాలు: బ్రిటన్ జూద కంపెనీలు మహిళలను ఆకర్షించిన చరిత్ర

జూదాన్ని గురించి మన భాషలో వచ్చిన రచనలు చాలావరకు పురుషుణ్ణి దృష్టిలో ఉంచుకొని వ్రాసినవే. పేకాటలో ఆస్తి తగలేసిన భర్త, మట్కా చీటీల వెంట తిరిగే కూలీ, కోడిపందేల్లో పొలం తాకట్టు పెట్టిన రైతు, వీరే మనకు పరిచితులైన జూదరులు. స్త్రీ ఈ కథలో పుస్తెలు పోగొట్టుకున్న భార్యగానో, కన్నీరు కార్చే తల్లిగానో మాత్రమే కనిపిస్తుంది. కాని జూదం కంపెనీల వ్యాపారంగా మారిన తరువాత పరిస్థితి మారింది. స్త్రీ చేతిలోని డబ్బు కూడా వారి లెక్కలోకి వచ్చింది. ఆమెను ఖాతాదారుగా చేర్చుకోవడానికి ప్రత్యేకమైన పద్ధతులు పుట్టుకొచ్చాయి. ఈ పరిణామాన్ని బ్రిటన్ చరిత్రలో స్పష్టంగా చూడవచ్చు. అక్కడ జూదం చట్టం అనుమతించిన పరిశ్రమ. దాని ప్రతి అడుగూ చట్టాల్లోనూ ప్రకటనల్లోనూ నమోదై ఉంది.

ఈ చరిత్రను పరిశీలిస్తే ఒక సత్యం బోధపడుతుంది. జూదం ఏ ఇంటికీ తన అసలు పేరుతో రాదు. ఆ ఇంటివారు దేనిని గౌరవిస్తారో, దేనికోసం తపిస్తారో, ఆ వేషం ధరించి వస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. దివ్య ఖుర్ఆన్ అవతరించిన నాటి మైసిర్ కూడా ఇలాంటి వేషంలోనే ఉండేది.

ఔదార్యపు వేషం

అజ్ఞాన కాలపు అరబ్బుల మైసిర్ ను ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరంగా వర్ణించారు. కరవు రోజుల్లో, చలికాలంలో, ఒక ఒంటెను అరువుకు తెచ్చి కోసేవారు. పది బాణాలను ఒక సంచిలో వేసి కలిపి ఒక్కొక్కటిగా తీసేవారు. వాటిలో ఏడింటికి ఒకటి మొదలు ఏడు వరకు వాటాలుండేవి. మిగిలిన మూడు ఉత్తవి. ఉత్త బాణం వచ్చినవారు ఒంటె వెల చెల్లించుకోవాలి. గెలిచినవారు మాంసాన్ని తాము తినక బీదలకు పంచి, ఆ పంపకాన్ని గొప్పగా చెప్పుకొనేవారు. ఈ ఆటలో పాల్గొనని వానికి 'బరమ్' అని పేరు పెట్టేవారు. పిసినారి, నలుగురిలో కలవనివాడు అని దాని భావం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ జూదం దానధర్మాల ముసుగు ధరించింది. రెండవది, దూరంగా ఉన్నవానిపై సంఘం ఒత్తిడి తెచ్చేది. అల్ బఖరా సూరా 219వ ఆయతు మద్యపానంలోనూ మైసిర్ లోనూ జనులకు కొన్ని ప్రయోజనాలున్నాయని అంగీకరిస్తూనే, వాటి పాపం ఆ ప్రయోజనాలకంటె చాలా పెద్దదని తీర్పు చెప్పింది. ఆ ప్రయోజనాల్లో బీదలకు అందే మాంసం ఒకటని వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. అంటే జూదంలో కనిపించే మేలును ఖుర్ఆన్ దాచలేదు. దానిని త్రాసులో పెట్టి తూచింది. తరువాత అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో పూర్తిగా నిషేధించి, అందుకు కారణాలు కూడా తెలిపింది. జూదం మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రగిలిస్తుంది. దైవస్మరణ నుండి, నమాజు నుండి మరలిస్తుంది. ఈ త్రాసును చేతబట్టుకొని బ్రిటన్ చరిత్రను చూద్దాం.

తపాలా ద్వారా ఇంట్లోకి

బ్రిటన్ లో 1906 నాటి చట్టం వీధుల్లో నగదు పందేలను నిషేధించింది. అయినా శ్రామికవాడల్లో బుకీల ఏజెంట్లు గుమ్మాల దగ్గరకు వచ్చి చీటీలు, చిల్లర డబ్బులు తీసుకుపోతూనే ఉండేవారు. అలా పందెం కాసినవారిలో గృహిణులు కూడా ఉన్నారు. కాని అది దొంగచాటు వ్యవహారం. దానికి గౌరవం తెచ్చి పెట్టింది ఫుట్ బాల్ పూల్స్.

1923లో జాన్ మూర్స్ అనే తంతి ఉద్యోగి, ఇద్దరు మిత్రులతో కలిసి లివర్ పూల్ లో 'లిటిల్ వుడ్స్' పూల్స్ ను ప్రారంభించాడు. మాంచెస్టర్ లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం వెలుపల పంచిన 4,000 కూపన్లలో తిరిగి వచ్చినవి 35 మాత్రమే. కాని కొద్ది సంవత్సరాల్లోనే ఈ వ్యాపారం దేశమంతటా వ్యాపించింది. కూపన్ తపాలాలో ఇంటికి వస్తుంది, నింపి తపాలాలోనే పంపవచ్చు. పందెం కాయడానికి వీధి మూలకు గాని, మైదానానికి గాని పోనక్కరలేదు. 1946లో 'ట్రెబుల్ ఛాన్స్' వచ్చిన తరువాత ఫుట్ బాల్ గురించి తెలిసి ఉండవలసిన అవసరం కూడా అంతగా లేకపోయింది. డ్రాగా ముగిసే ఆటలను ఊహించడమే పని గనుక, పిల్లల పుట్టినరోజుల అంకెలను బట్టి గీతలు కొట్టేవారు. వంటింటి బల్ల మీద కుటుంబమంతా కూర్చుని కూపన్ నింపడం వారం వారం ఆచారమైంది.

ఇక్కడ మరొక సంగతి గుర్తుంచుకోవాలి. మూర్స్ 1932లో తపాలా ద్వారా సరకులు అమ్మే వ్యాపారం ప్రారంభించినప్పుడు అతనికి పూల్స్ ఖాతాదారుల చిరునామాలు అక్కరకు వచ్చాయి. ఇరుగుపొరుగువారు వారానికి ఒక షిల్లింగ్ చొప్పున కట్టే 'క్లబ్బుల' ద్వారా సరకులు అమ్ముడయ్యేవి. ఈ క్లబ్బులకు స్త్రీలే ప్రాణం. పందెం కాసే ఇల్లు, సరకులు కొనే ఇల్లు ఒకే చిట్టాలో చేరాయి. ఖాతాదారుల పేర్లే పెట్టుబడి అన్న సూత్రం అప్పుడే అమలులోకి వచ్చింది.

గెలిచినవారిని ప్రదర్శనకు పెట్టడం మరొక పద్ధతి. 1961లో కాజిల్ ఫర్డ్ పట్టణానికి చెందిన కీత్ నికల్సన్ కు పూల్స్ లో 1,52,319 పౌండ్లు లభించాయి. పేరుపొందిన వినోదకారుడు బ్రూస్ ఫోర్సిత్ చేతుల మీదుగా చెక్కు అందించారు. డబ్బంతా ఖర్చు పెట్టేస్తానని అతని భార్య వివ్ నికల్సన్ విలేఖరులతో అన్న మాట దేశమంతటా మారుమోగింది. 1965లో కీత్ కారు ప్రమాదంలో మరణించాడు. డబ్బు హరించుకుపోయింది. వివ్ దివాలా తీసింది. ఆమె 2015లో మరణించింది. చెక్కు అందుకొంటున్న ఫోటో ప్రచారానికి పనికివచ్చింది. తరువాతి సంవత్సరాలు ఏ కూపన్ మీదా అచ్చు కాలేదు.

ఖాళీ అయిన సినిమాహాళ్ళు

1960 నాటి బెట్టింగ్, గేమింగ్ చట్టం బ్రిటన్ జూద చరిత్రలో ఒక మలుపు. 1961 మే 1 నుండి పందెపు దుకాణాలు చట్టబద్ధంగా తెరుచుకున్నాయి. అవి ఆకర్షణీయంగా ఉండరాదని, ప్రకటనలు ఇవ్వరాదని ఆంక్షలుండేవి. లోపలికి చూడ వీలులేని కిటికీలు, సిగరెట్ పొగ, గుర్రపు పందేల కాగితాలు. అది మగవారి చోటు. కాని అదే చట్టంలో క్లబ్బుల్లో ఆటలకు సంబంధించిన ఒక నిబంధనను ఆధారం చేసుకొని 'బింగో' పెద్ద వ్యాపారమైంది. ఇది సైన్యంలో 'హౌస్' పేరుతో ఆడిన పాత ఆటే. మన నగరాల క్లబ్బుల్లో తంబోలా, హౌసీ అని పిలిచేది కూడా ఇదే.

టెలివిజన్ రాకతో సినిమాహాళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. ర్యాంక్ సంస్థ తన సినిమాహాళ్ళను, మెక్కా సంస్థ తన నృత్యశాలలను బింగోకు మళ్ళించాయి. మెక్కాలో ఈ పనికి పూనుకొన్నవాడు ఎరిక్ మార్లే. 1951లో మిస్ వరల్డ్ పోటీలను ప్రారంభించిన వ్యక్తి కూడా ఇతడే. స్త్రీని ప్రదర్శనకు పెట్టే వ్యాపారం, స్త్రీని పందేనికి పిలిచే వ్యాపారం ఒకే చేతి మీదుగా నడిచాయి.

బింగో హాలు స్త్రీకి ఏమి ఇచ్చింది? ఈ ప్రశ్నకు న్యాయంగా సమాధానం చెప్పుకోవాలి. భర్త సారాయి దుకాణానికి పోతే ఆమె ఒంటరిగా వెళ్ళి కూర్చోగల గౌరవప్రదమైన చోటు ఆ వాడల్లో దాదాపు లేదు. బింగో హాలులో వెచ్చదనం ఉంది, టీ ఉంది, చౌక భోజనం ఉంది. పిల్లలు బడిలో ఉన్న మధ్యాహ్నం వేళ ఆట ఉంది. పేరుపెట్టి పలకరించే మనుషులు ఉన్నారు. వితంతువులు, వృద్ధురాళ్ళు, పనిచేసి అలసిన తల్లులు అక్కడ స్నేహితురాళ్ళను సంపాదించుకున్నారు. వారిలో చాలామంది పోగొట్టుకున్నది చిన్న మొత్తాలే. ఇది ఆ వ్యాపారంలోని 'ప్రయోజనం'. అయితే కంపెనీ అమ్మినది స్నేహాన్ని కాదు, టిక్కెట్టును. స్నేహం టిక్కెట్టుకు చుట్టిన కాగితం. అజ్ఞాన కాలంలో ఒంటె మాంసం ఏ పని చేసిందో ఇక్కడ టీ కప్పు ఆ పనే చేసింది.

తెర మీది స్నేహం

1994 నవంబరులో జాతీయ లాటరీ మొదటి డ్రా జరిగింది. 1995లో గీకి చూసే టిక్కెట్లు వచ్చాయి. పాలు, రొట్టె కొనే కొట్టులోనే, అదే కౌంటర్ మీద టిక్కెట్టు దొరకసాగింది. ఇంటి సరకుల కోసం బయలుదేరిన స్త్రీ ప్రత్యేకంగా జూదగృహానికి పోవలసిన పనే లేదు.

2005 నాటి గాంబ్లింగ్ చట్టం 2007 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చి టెలివిజన్ లో జూద ప్రకటనలకు ద్వారాలు బార్లా తెరిచింది. ఆనాడు పరిశ్రమ తనకు తాను ఒక నియమం పెట్టుకొంది. రాత్రి 9 గంటలకు ముందు జూద ప్రకటనలు వేయరాదన్నది ఆ నియమం. దీనికి రెండు మినహాయింపులు ఉంచుకొంది. ఒకటి ప్రసారమయ్యే క్రీడల సమయంలో పందెపు ప్రకటనలు. రెండవది బింగో. మొదటి మినహాయింపు ముఖ్యంగా పురుషుల కోసమైతే, రెండవది పగటిపూట టెలివిజన్ ముందున్న గృహిణి కోసమని వేరే చెప్పనక్కరలేదు. బింగో నిరపాయమైన కాలక్షేపం అన్న పాత పేరు ఈ మినహాయింపుకు అండగా నిలిచింది.

అదే 2007 జూలైలో ఇంగ్లండ్ లో బహిరంగ గృహాలలో పొగ త్రాగడం నిషేధించారు. హాళ్ళు పలుచబడ్డాయి. ఆట ఇంటర్నెట్ కు, అక్కడి నుండి చేతిలోని ఫోనుకు చేరింది. గులాబీ, ఊదా రంగులు, పూలు, బొమ్మలు, ముచ్చటైన పేర్లు కలిగిన వెబ్ సైట్లు పుట్టాయి. 'ఈస్ట్ ఎండర్స్' సీరియల్ లో తల్లి పాత్రతో ఇంటింటికీ తెలిసిన నటి బార్బరా విండ్సర్ ను జాక్ పాట్ జాయ్ సంస్థ 'బింగో రాణి'గా చూపింది. ఆట నడిచేటప్పుడు ఆటగత్తెలు ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకోవడానికి చాట్ గదులు ఏర్పాటు చేశారు. వచ్చినవారిని పలకరించడానికి అక్కడ కంపెనీ జీతగాళ్ళు ఉంటారు. కొత్తగా చేరినవారికి 'ఉచితం' అంటూ కొంత మొత్తం ఇస్తారు. అయితే దానిని అనేకసార్లు పందెంలో తిప్పితేగాని చేతికి రాదు. బింగో గడప దాటి లోపలికి పోగానే పక్కనే స్లాట్ యంత్రాల ఆటలు ఉంటాయి. నష్టం వేగంగా జరిగేది వాటిలోనే. ఒక రకం జూదం ఆడితేనే మరొక రకంలో బహుమానం ఇస్తామనే ప్రోత్సాహకాలను నిషేధిస్తూ బ్రిటన్ గాంబ్లింగ్ కమిషన్ 2025లో నియమాలు ప్రకటించవలసి వచ్చిందంటే ఈ పద్ధతి ఎంత పాతుకుపోయిందో ఊహించవచ్చు.

హాలులో కనీసం నలుగురి కళ్ళు ఉండేవి, తలుపులు మూసే వేళ ఉండేది. ఫోనుకు ఆ రెండూ లేవు. పిల్లలు నిద్రపోయిన తరువాత, భర్తకు తెలియకుండా, వంటింట్లో నిలబడి ఆడవచ్చు. క్రెడిట్ కార్డుతో జూదమాడడాన్ని బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుండి నిషేధించింది. అంటే అప్పటివరకు లేని డబ్బుతో కూడా ఆడే వీలుండేది. గాంబుల్ అవేర్ అనే ధర్మసంస్థ లెక్కల ప్రకారం, జూద వ్యసనానికి చికిత్స పొందిన స్త్రీల సంఖ్య 2015-16లో 1,134 కాగా 2020-21లో 2,423కు పెరిగింది. పది లక్షల వరకు స్త్రీలు ప్రమాదపు అంచున ఉండవచ్చని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది. జూదరి తల్లికి దక్కే నింద జూదరి తండ్రికి దక్కేదానికంటె ఎక్కువ. ఆ నిందకు వెరచి ఆమె దాస్తుంది. దాచిన కొద్దీ అప్పు పెరుగుతుంది.

పిలుపే అపరాధం

ఈ చరిత్రలో ఆడినవారి కథ కంటె పిలిచినవారి కథ ముఖ్యం. ఇస్లామీయ ధర్మశాస్త్రం పిలిచినవానిని విడిచిపెట్టలేదు. హజ్రత్ అబూ హురైరా ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదైన ఒక హదీసు ఉంది. ఎవరైనా తన సహచరునితో జూదమాడుదాం రమ్మని అంటే, అతడు పరిహారంగా దానం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇక్కడ పందెం ఇంకా జరగలేదు, డబ్బు చేతులు మారలేదు. 'రా' అన్న ఒక్క మాటకే పరిహారం. నోటితో ఒక మిత్రుణ్ణి పిలిచినందుకే ఇంత ఉంటే, లక్షల ఇళ్ళకు ఒకేసారి, అందులోనూ ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరికి డబ్బు అవసరమో చూచి పిలిచే ప్రకటన సంగతి ఏమిటి? ఆ పిలుపుకు తన ముఖాన్ని, పేరును అద్దెకిచ్చే నటీనటుల సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న మన ప్రాంతానికీ తగులుతుంది. తెలుగు టెలివిజన్ లో, ఫోన్లలో ఆన్ లైన్ రమ్మీ ప్రకటనలు ఎందరో చూశారు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్ లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్ లైన్ ఆటలను నిషేధించడమే గాక, వాటి ప్రకటనలకు రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించింది. పిలుపు కూడా నేరమేనన్న సూత్రాన్ని నేటి చట్టం ఈనాటికి అందుకొంది.

మన కర్తవ్యం

చట్టం ప్రకటనను ఆపగలదు. ఒంటరితనాన్ని ఆపలేదు. బింగో హాలు నిండింది స్త్రీలు దుర్మార్గులైనందుకు కాదు, వారికి మరొక చోటు లేనందుకు. మన వాడల్లో స్త్రీలు కూర్చుని చదువుకోవడానికి, మాట్లాడుకోవడానికి ఏ చోటు ఉంది? మన మసీదుల్లో ఎన్నింటిలో వారికి గది ఉంది? దర్సె ఖుర్ఆన్ సమావేశానికి పొరుగింటి వితంతువును పిలిచినవారు ఎందరు? మంచి పిలుపు లేనిచోట చెడ్డ పిలుపు వినబడుతుంది. బ్రిటన్ లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ మాట మరింత వర్తిస్తుంది.

మహిళల సమావేశాల్లో తలా కొంత డబ్బు వేసి, గెలిచినవారు తీసుకొనే తంబోలాను సరదాగా భావించడం కూడా సరికాదు. అందరూ సొమ్ము పెట్టి, అదృష్టం మీద ఒకరు పొంది మిగిలినవారు పోగొట్టుకొంటే అది మైసిరే. మొత్తం చిన్నదైనంత మాత్రాన దాని స్వభావం మారదు. రాననే సోదరిని ఎగతాళి చేయడం 'బరమ్' అని నిందించిన ఆనాటి వాడుకకు కొనసాగింపే.

చివరగా, చిక్కుకుపోయిన స్త్రీ విషయం. ఆమెను గద్దించి గుట్టు రట్టు చేస్తే ఆమె మరింత చీకట్లోకి పోతుంది. అత్ తౌబా సూరా 60వ ఆయతు పేర్కొన్న జకాత్ హక్కుదారులలో ఋణగ్రస్తులు ఉన్నారు. పాపకార్యం వల్ల అప్పుల పాలైనవారు తౌబా చేసుకొన్నట్లయితే వారికి జకాత్ నుండి ఇవ్వవచ్చునని ఫుఖహాలలో అనేకులు అభిప్రాయపడ్డారు. మన బైతుల్ మాల్ లు ఈ అవకాశాన్ని గుర్తుంచుకోవాలి. భర్తకో అత్తకో చెప్పుకోలేని సోదరి వచ్చి గుట్టుగా చెప్పుకోగల ఒక నమ్మకమైన పెద్దామె ప్రతి మొహల్లాలో ఉండాలి. జూద కంపెనీ ఆమెను పేరుపెట్టి పిలిచింది. మనం కూడా ఆమె పేరు తెలిసినవారమై ఉండాలి.