ఏజెన్సీలో భద్రతా వ్యయం మరియు అభివృద్ధి వ్యయం

సైన్యం, పోలీసు బలగాలపై ప్రభుత్వం చేసే ఖర్చును భద్రతా వ్యయమనీ, విద్య, రహదారులు మొదలైన వాటిపై పెట్టే ఖర్చును అభివృద్ధి వ్యయమనీ అంటారు. పరిమితమైన నిధులలో దేనికెంత కేటాయించాలన్నది అన్ని దేశాలలోనూ చర్చనీయాంశమే. తూర్పు కనుమలలోని అడ్డతీగల పరిసర ఏజెన్సీ ప్రాంతపు చరిత్ర ఈ చర్చకు ఒక ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

అడ్డతీగల పూర్వం ఎల్లవరం తాలూకాకు కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. కొండరెడ్లు, కోయలు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు వ్యవసాయంపైనా, అటవీ ఫలసాయం సేకరణపైనా ఆంక్షలు పెరిగాయి. బ్రిటిషు పాలనలో కొండవాసులకు ప్రభుత్వమంటే ప్రధానంగా పోలీసు ఠాణా, అటవీ సిబ్బంది, తాలూకా కచేరీ.

రంప తిరుగుబాటు

1922-24 నాటి రంప తిరుగుబాటుకు గల కారణాలలో రోడ్డు నిర్మాణం ఒకటి. నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు ఘాటు రోడ్డు వేయించేటప్పుడు గూడెం తహసీల్దారు బాస్టియన్ మన్యం ప్రజలచేత బలవంతంగా పని చేయించి, తగిన కూలి చెల్లించలేదు. ఆ విధంగా ప్రజలకు మేలు చేయవలసిన రహదారే వారి ఆగ్రహానికి కారణమయింది.

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. అక్టోబరు 15న, ముందుగా కబురు పంపి మరీ అడ్డతీగల స్టేషన్‌పై దాడి చేశారు. తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసు దళాన్ని, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాన్ని రప్పించింది. 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. ఈ అణచివేతకు సుమారు 40 లక్షల రూపాయలు ఖర్చయినట్లు చెబుతారు. కూలివారికి ఎగవేసిన అణాలతో పోలిస్తే ఈ మొత్తం ఎంత పెద్దదో ఊహించవచ్చు.

స్వాతంత్ర్యం తరువాత

ఐదవ పంచవర్ష ప్రణాళిక (1974-79) కాలంలో గిరిజన ఉప ప్రణాళిక ఆరంభమై, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు ఏర్పడ్డాయి. అడ్డతీగల ప్రాంతం రంపచోడవరం సంస్థ పరిధిలోకి వచ్చింది. ఆశ్రమ పాఠశాలలు గిరిజన బాలలకు చదువుతో పాటు వసతిని, భోజనాన్ని కల్పించాయి.

1987 డిసెంబరులో గుర్తేడు సమీపంలో ఎస్.ఆర్.శంకరన్ తదితర ఐ.ఎ.ఎస్. అధికారులను నక్సలైట్లు అపహరించారు. శంకరన్ గిరిజన, దళిత సంక్షేమానికి పేరుపొందిన అధికారి. 1989లో రాష్ట్ర ప్రభుత్వం గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళాన్ని ఏర్పాటు చేసింది.

2016 డిసెంబరులో కేంద్రం తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల రహదారుల పథకాన్ని ఆమోదించింది. ఎనిమిదికి పైగా రాష్ట్రాలలోని 44 జిల్లాలలో సుమారు 5,400 కిలోమీటర్ల రోడ్లకు సుమారు 11,725 కోట్ల రూపాయలు అంచనా వేశారు. ఇటువంటి రోడ్డుపై పోలీసు వాహనమూ, రోగిని తీసుకుపోయే అంబులెన్సూ రెండూ నడుస్తాయి. కనుక దానిని పూర్తిగా ఒక పద్దులో చేర్చడం కష్టం.

ఉపాధ్యాయుల కొరత మరొక సమస్య. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలను స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో ప్రభుత్వం 3వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. దూరప్రాంతపు ఉపాధ్యాయులు కొండ గ్రామాలలో నిలవకపోవడం, బడులకు సరిగా రాకపోవడం ఇందుకు చూపిన కారణాలు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూరు శాతం రిజర్వేషను చెల్లదని తీర్పునిచ్చింది. బడి భవనానికి నిధులు కేటాయించినంత మాత్రాన చదువు సాగదని ఈ అనుభవం తెలుపుతుంది.

బడ్జెట్లను పోల్చుట

2025-26 కేంద్ర బడ్జెట్టులో రక్షణ శాఖకు సుమారు 6.81 లక్షల కోట్లు, విద్యా శాఖకు సుమారు 1.28 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. ఈ రెండంకెలను మాత్రమే చూసి నిర్ణయానికి రావడం సరికాదు. రక్షణ పూర్తిగా కేంద్రం బాధ్యత. విద్య 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలో చేరింది, దాని వ్యయంలో అధిక భాగాన్ని రాష్ట్రాలు భరిస్తాయి. రక్షణ కేటాయింపులో సుమారు 1.60 లక్షల కోట్లు పింఛన్లకే పోతాయి. అయినప్పటికీ, జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలన్న కొఠారీ కమిషను (1964-66) సిఫారసు నేటికీ లక్ష్యంగానే మిగిలింది. 2020 జాతీయ విద్యా విధానం దానినే మరల పేర్కొన్నది.

భిన్న వాదనలు

భద్రత లేనిచోట బడి నడవదు, రోడ్డు పడదు, కనుక భద్రతా వ్యయమే ముందని ఒక వాదన. భూమి, కూలి, చదువు విషయాలలో న్యాయం జరిగితే బలగాల అవసరమే తగ్గుతుందని రెండవ వాదన. 1948లో సైన్యాన్ని రద్దు చేసిన కోస్టారికాను రెండవ వాదానికి ఉదాహరణగా చూపుతారు. అయితే భారతదేశపు సరిహద్దు పరిస్థితులు వేరు. రంప తిరుగుబాటు చరిత్ర ఈ రెండింటికీ మరొక అంశాన్ని జోడిస్తుంది: స్థానికుల సమ్మతి, న్యాయమైన వేతనం లేకుండా చేపట్టిన అభివృద్ధి పని కూడా చివరకు భద్రతా వ్యయాన్ని పెంచగలదు.