మోచేతులకు దొరికిన పీఠము



సైకిలుపై పది క్రోసుల దారి పోయినవానికి ముందుగా నొచ్చునవి కాళ్లని చూచువారు తలచెదరు. ఎక్కినవాడు అట్లనడు. అఱచేతులు తిమ్మిరియెక్కి, చిటికెనవ్రేలు మొద్దుబాఱి, రాత్రి అన్నము కలుపుకొనుటకైనను చేయి స్వాధీనము కాని బాధ వానికే తెలియును. మోచేతినుండి చిటికెనవ్రేలికి బోవు నరము, అఱచేతి మొదట, హ్యాండిలుకును దేహభారమునకును నడుమ చిక్కి నలుగుటయే దీనికి ముఖ్యకారణము. పందెపు సైకిలుపై ముందునకు వంగి కూర్చుందురు గనుక ఆ భారము మఱింత యధికము.

ఈ బాధకు విరుగుడు కనుగొన్నవారిలో పీట్ పెన్సేరెస్ అను నమెరికావాసి యొకడు. ఆ దేశమును పడమటి సముద్రమునుండి తూర్పు సముద్రమువఱకు, రాత్రింబవళ్లు సైకిలుపై దాటు పందె మొకటి 1982 లో మొదలయ్యెను. 1986 నాటి పందెమున నాతడు హ్యాండిలుపై మోచేతులకు ఆనుడు అమర్చుకొని, 3,107 మైళ్లను తొమ్మిది దినములు నిండకమున్నే ముగించెను. గంటకు 15.40 మైళ్ల యా సగటు వేగమును 2013 వఱకు నెవ్వరును మించలేదు. ఇందు యుక్తి స్వల్పము: వ్రాతబల్లపై మోచేతు లాన్చి చదువుకొనువానివలె కూర్చున్నచో, బరువు నరమును విడిచి ఎముకపై నిలుచును.

అయితే సుఖముకొఱకు చేసిన పని వేఱొక ఫలము నిచ్చినది. మోచేతులు దగ్గఱకు వచ్చినంతనే ఱొమ్ము వంగును, ఎదురుగాలికి అడ్డము తగ్గును. సమతలమున వేగముగా పోవువాని శ్రమలో పెద్దపాలు గాలికే చెల్లును గదా! మంచుపై జాఱు క్రీడకు గురువైన బూన్ లెనన్, ఆ యాటగాండ్రు చేతులు ముందునకు చాచి ముడుచుకొను భంగిమను చూచి, ఇట్టి కమ్మినే కల్పించి ప్రచారమునకు దెచ్చెను.

దానిని లోకమెల్ల చూచినది 1989 జూలై 23 న. ఫ్రాన్సుదేశమున మూడువారములకు పైగా సాగిన 'టూర్ ద ఫ్రాన్స్' పందెమునకు అది కడపటి దినము. వెర్సాయినుండి పారిసునకు 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరే పోవలెను. పారిసువాడైన లారెంట్ ఫిన్యోన్ అప్పటికి 50 సెకండ్లు ముందున్నాడు. గ్రెగ్ లెమాండ్ అను నమెరికావాడు, రెండేండ్లక్రితము వేటలో పొరపాటున తగిలిన చిఱుగుండ్లు కొన్ని ఇంకను దేహమున నుండగానే, ఈ కమ్మిపై మోచేతు లాన్చి బయలుదేఱెను. ఫిన్యోన్ మామూలు హ్యాండిలుతోనే, తలపై టోపియైన లేక, జుట్టుముడి గాలి కెగురుచుండ వచ్చెను. లెమాండు 26 నిమిషముల 57 సెకండ్లలో ముగించెను; ఫిన్యోనుకు 58 సెకండ్లు హెచ్చు పట్టినవి. 3,285 కిలోమీటర్ల పందెము 8 సెకండ్లతో తేలినది!

కమ్మి యొక్కటియే గెలిపించినదని నేననను. ఫిన్యోనుకు ఆ దినములలో జీనుపై కూర్చుండలేని పుండు బాధించుచుండెను. లెమాండు శిరస్త్రాణమును గాలిని చీల్చునదే. కాని నాటినుండి ఆ కమ్మి వేగమునకు గుర్తయ్యెను. చేతినొప్పి మాట మఱుగుపడెను.

దీనికి లోపమును గలదు. మోచేతు లాన్చినపుడు బ్రేకు చేతికందదు, సైకిలు చటుక్కున మలగదు. అందుచే అంతర్జాతీయ సంఘమువారు గుంపుగా పోవు పందెములలో దీనిని నిషేధించి, ఒంటరి పందెములకు మాత్రము విడిచిరి. 2021 ఏప్రిలునుండి, కమ్మి లేకున్నను, గుంపు పందెములలో ముంజేతులు హ్యాండిలుపై ఆన్చుట గూడదనిరి. పందెము లెఱుగక దూరప్రయాణము చేయువారు మాత్రము నిర్జనమైన దారిపై మోచేతు లాన్చి, ఊరు దగ్గఱపడగానే బ్రేకుపైకి చేతులు మార్చుకొని, పెన్సేరెస్ వలెనే దానిని వాడుకొనుచున్నారు.