టీకా: దేహానికి జ్ఞాపకం, ప్రజలకు విశ్వాసం

మశూచి సోకి కోలుకున్నవారికి ఆ వ్యాధి తిరిగి రాదన్న సంగతి, వైద్యశాస్త్రం దానికి కారణం కనిపెట్టడానికి ఎంతో ముందే మన పల్లెలకు తెలుసు. తెలుగునాట ఒక ఇంట అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. వంటలో తాలింపు మానేసేవారు. బయటివారిని లోపలికి రానిచ్చేవారు కారు. ముఖాన స్ఫోటకపు మచ్చలున్నవారు మాత్రం నిర్భయంగా రోగికి పరిచర్య చేయగలిగేవారు. ఈ ఆచారాల్లో భక్తి ఎంత ఉందో అనుభవమూ అంత ఉంది. ఎదుర్కొన్న శత్రువును దేహం గుర్తుంచుకుంటుందన్నదే ఆ అనుభవసారం.

ఆ జ్ఞాపకాన్ని వ్యాధి రాకముందే దేహానికి నేర్పవచ్చునని తెలుసుకోవడం చరిత్రలో ఒక ఘట్టం. అందుకు ప్రజలను సమ్మతింపజేయడం మరొక ఘట్టం. భారతదేశంలో టీకా చరిత్ర ఈ రెండింటి చరిత్ర. మొదటిది సూదిమొనతో సాధ్యమైంది. రెండవదానికి నూటడెబ్బై ఏళ్లు పట్టింది.

టీకాదార్ల విద్య

మన ప్రాచీన వైద్య గ్రంథాలు ఈ వ్యాధిని మసూరిక అన్నాయి. బొబ్బలు మసూరపప్పును పోలి ఉండటమే ఆ పేరుకు మూలం. మాధవనిదానం ఈ వ్యాధికి ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించింది. అయితే నివారణ విద్య గ్రంథాలకన్నా ఎక్కువగా చేతిపనిగానే వర్ధిల్లింది. బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా, కొంతకాలం గవర్నరుగా పనిచేసిన జాన్ జెఫనయా హాల్వెల్ 1767లో లండన్ వైద్య కళాశాలకు సమర్పించిన నివేదికలో దీనిని వివరంగా వర్ణించాడు. మశూచి ఋతువు మొదలుకాకముందే టీకాలు వేసే బ్రాహ్మణులు ఊరూరా తిరిగేవారు. చేతిమీద చిన్న గాట్లు పెట్టి, కిందటి సంవత్సరపు బొబ్బల రసంతో తడిసిన దూదిని గంగాజలంతో తడిపి ఆ గాట్లపై అద్దేవారు. చన్నీటి స్నానం, నెలరోజుల పథ్యం, శీతలాదేవి పూజ ఈ పద్ధతిలో భాగాలు.

ఇలా టీకా వేయించుకున్నవారికి సాధారణంగా తేలికపాటి మశూచి వచ్చి తగ్గిపోయేది. సహజంగా సోకిన మశూచితో నూటికి ఇరవై ముప్ఫైమంది చనిపోతుండగా, ఈ పద్ధతిలో మరణాలు నూటికి ఒకటి రెండుకు మించేవి కావు. ప్రమాదం లేకపోలేదు, టీకా పొందినవారి నుంచి ఇతరులకు అసలైన మశూచి సోకవచ్చు. అయినా ప్రజలు టీకాదార్లను నమ్మారు. వారు తమ భాష మాట్లాడేవారు, తమ దేవతను కొలిచేవారు, ఏటా తమ గడపకే వచ్చేవారు.

దేహంలోని సైన్యం

ఈ పద్ధతి ఎందుకు ఫలించిందో పందొమ్మిదవ శతాబ్ది చివరలోగాని తెలియలేదు. రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్ల దేహంలో ముల్లు గుచ్చి చూశాడు. సంచార కణాలు ఆ ముల్లును చుట్టుముట్టాయి. దేహంలోకి చొరబడిన క్రిములను మింగివేసే భక్షక కణాల సిద్ధాంతం అలా పుట్టింది. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బెరింగ్, కిటసాటో షిబసబురో కలిసి, ధనుర్వాత విషాన్ని విరిచే పదార్థాలు రక్తరసంలో తయారవుతాయని నిరూపించారు. వాటినే ఇప్పుడు ప్రతిరక్షకాలు అంటున్నాము. రక్షణ కణాలదా, రక్తరసానిదా అన్న వాదం కొంతకాలం సాగింది. 1908లో మెచ్నికోవ్‌కూ, ప్రతిరక్షకాలపై కృషిచేసిన పాల్ ఎర్లిక్‌కూ నోబెల్ బహుమతిని కలిపి ఇచ్చారు. ఆ ఇద్దరి మాటా నిజమేనని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి.

చర్మం, శ్లేష్మపు పొరలు, కడుపులోని ఆమ్లం దేహానికి కోటగోడలు. వాటిని దాటివచ్చిన క్రిమిని భక్షక కణాలు గంటల్లోనే అడ్డుకుంటాయి. జ్వరం, వాపు ఆ పోరాటానికి బాహ్యచిహ్నాలు. ఆ తరువాత తెల్లరక్త కణాల్లోని టి కణాలు, బి కణాలు రంగంలోకి దిగుతాయి. ఆ క్రిమికి సరిపోలే కణాలు మాత్రమే ఎన్నికై వేగంగా వృద్ధిచెందుతాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించాడు. టి కణాలు రోగం సోకిన కణాలను నాశనం చేస్తాయి; బి కణాల సంతతి ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేస్తుంది. మొదటిసారి ఇందుకు కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. పోరు ముగిసినా కొన్ని కణాలు ఆ శత్రువు గుర్తులను భద్రపరచుకొని ఏళ్లతరబడి నిలిచి ఉంటాయి. అదే క్రిమి మళ్లీ వస్తే అవి వెంటనే విజృంభిస్తాయి. టీకా చేసే పని, అసలు వ్యాధి రాకుండానే దేహానికి ఈ గుర్తులను పరిచయం చేయడమే.

బొంబాయి నుంచి హైదరాబాదు దాకా

1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసంతో ఎనిమిదేళ్ల బాలునికి టీకా వేశాడు. గోమశూచి మనిషికి ప్రమాదకరం కాదు. కాని దాని లక్షణాలను గుర్తించిన దేహం మశూచినీ గుర్తిస్తుంది. ఆ రసం ఉష్ణదేశాలకు చేరేలోగా చెడిపోయేది. అందుచేత దానిని వియన్నా, బాగ్దాదు, బస్రాల మీదుగా దశలవారీగా, ఒకరి చేతినుంచి మరొకరి చేతికి పంపించి బొంబాయి చేర్చారు. 1802 జూన్ 14న అక్కడ అన్నా డస్టాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా ఫలించింది. ఆ పాప చేతినుంచి మొదలైన మానవ శృంఖల ద్వారా టీకా పుణె, సూరత్, మద్రాసు, హైదరాబాదులకు చేరింది.

కొత్త టీకా పాతదానికన్నా సురక్షితమైనదే. కాని ప్రజలు జంకారు. ఒకరి చేతి రసాన్ని మరొకరికి ఎక్కించడం కులాచారానికి విరుద్ధంగా తోచింది. ఎండకు చెడిన రసంతో వేసిన టీకాలు విఫలమయ్యేవి. ఫలించిన టీకా ప్రభావం కూడా కొన్నేళ్లకు సన్నగిల్లేది. టీకాదారు పూజ చేసేవాడు. సర్కారు టీకా ఉద్యోగి చిట్టాలో పేరు రాసుకొని వెళ్లిపోయేవాడు. గోమశూచి టీకా ధన్వంతరికి తెలుసంటూ 1819లో ఒక మద్రాసు పత్రికలో సంస్కృత శ్లోకాలు వెలువడ్డాయి. జనాన్ని నమ్మించడానికి ఇది తోడ్పడుతుందని కొందరు ఆశించారు. కాని అవి ప్రాచీనమైనవన్న వాదానికి ఆధారం లేదని పరిశోధకులు తరువాత తేల్చారు. ప్రాచీనుల ఘనత చాటడానికి కల్పిత శ్లోకాల అవసరం లేదు. టీకాదార్ల విద్యే చాలినంత సాక్ష్యం. ఆ విద్యను కలకత్తాలో 1865లో చట్టం ద్వారా నిషేధించారు. 1880లో టీకాల చట్టం వచ్చింది. నిర్బంధం పెరిగినంతగా నమ్మకం పెరగలేదు.

ప్లేగు నేర్పిన పాఠం

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. ఒడెస్సాలో జన్మించి, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన వాల్డెమార్ హాఫ్‌కిన్ అప్పటికే కలకత్తాలో కలరా టీకాను ప్రయోగించి చూశాడు. బొంబాయిలోని గ్రాంట్ వైద్య కళాశాలలో ప్లేగు టీకాను రూపొందించి, 1897 జనవరి 10న ముందుగా తనకే వేసుకున్నాడు. సరిగ్గా ఆ కాలంలోనే ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చి, సైనికులను ఇళ్లలోకి పంపింది. స్త్రీలను తనిఖీ చేయడం, సామాను తగులబెట్టడం ప్రజల్లో ఆగ్రహాన్ని రగిల్చాయి. ఆ జూన్‌లో పుణెలో ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు.

1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ప్లేగు టీకా పొందిన 107 మందిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. వారందరికీ ఒకే సీసాలోని మందు ఎక్కించారు. నింద హాఫ్‌కిన్‌పై పడింది. ఆయన పదవి పోయింది. సికింద్రాబాదులో మలేరియా రహస్యాన్ని ఛేదించిన రొనాల్డ్ రాస్ ప్రభృతులు ఆయన పక్షాన నిలిచారు. 1907లో ఆయన నిర్దోషిత్వం స్థిరపడింది. 1925లో ఆయన స్థాపించిన బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు. కాని ఒక్క సీసా కలిగించిన భయం ఎన్నో ఊళ్లలో తిష్ఠవేసింది.

ఇంటింటి అన్వేషణ

స్వతంత్ర భారతం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందరికీ టీకాలు వేయడం ఒక్కటే చాలదని త్వరలోనే అర్థమైంది. 1974లో దేశంలో 1,88,000 మందికి పైగా మశూచి సోకింది. బీహారు ఎక్కువగా నష్టపోయింది. అప్పుడు వ్యూహం మారింది. రోగిని వెదికి పట్టుకోవడం, వేరుగా ఉంచడం, చుట్టుపక్కలవారికి వెంటనే టీకా వేయడం కార్యకర్తల పని. లక్షమందికి పైగా సిబ్బంది మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేతబట్టి ఇంటింటికీ తిరిగారు. కేసు తెలియజేసినవారికి బహుమతి ప్రకటించారు. ఎండకు తట్టుకునే పొడి టీకా హైదరాబాదు, గిండీ, బెల్గాం, పట్వడంగర్ కేంద్రాలలో తయారైంది. సోవియట్ యూనియన్ కూడా పెద్దయెత్తున అందించింది. కొన్నిచోట్ల బలవంతం జరిగిన మాట వాస్తవమే. కాని ఎక్కువచోట్ల గెలిపించింది ఆరోగ్య కార్యకర్తల ఓర్పు. 1975 మే 24న అస్సాంలోని కరీంగంజ్‌లో దేశంలో చివరి మశూచి కేసు బయటపడింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధి లోకం నుంచి తొలగిపోయిందని ప్రకటించింది.

నిత్యజీవితంలో రక్ష

టీకా పాఠం నేర్పుతుంది. నేర్చుకోవడానికి దేహంలో సత్తువ ఉండాలి. పోషకాహారం లేని బిడ్డకు రోగాలు త్వరగా సోకుతాయి. రోగాలు ఆ బిడ్డను మరింత కృశింపజేస్తాయి. నిద్ర కరువైనవారిలో టీకాకు స్పందన తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. సబ్బుతో చేతులు కడుక్కోవడం, శుభ్రమైన నీరు తాగడం కోటగోడల దగ్గరే శత్రువును ఆపుతాయి. పొగాకు శ్వాసనాళపు గోడలను దెబ్బతీస్తుంది. పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పట్టడం మంచిది కాదని పిండివేసే అలవాటు కొన్ని కుటుంబాల్లో ఉండేది. నిజానికి ఆ పాల ద్వారా కూడా తల్లి తన ప్రతిరక్షకాలను బిడ్డకు అందిస్తుంది. ఏ ఒక్క చూర్ణమో, కషాయమో వీటన్నిటికీ బదులు కాజాలదు.

1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియోరహితమని ధ్రువీకరణ పొందింది. 2021లో కరోనా టీకా వచ్చినప్పుడు, శాస్త్రం నెలల్లో సాధించిన దానిని వదంతుల నడుమ ప్రజలకు నచ్చజెప్పవలసి వచ్చింది. ఊరిలోని ఆశా కార్యకర్త మాటకు కొన్ని ఇళ్లలో ఎంత విలువ ఉంటుందో అప్పుడూ తేలింది. తెలుగులో టీకా అంటే వ్యాఖ్యానమనే అర్థం కూడా ఉంది. మూలగ్రంథం ఎంత గొప్పదైనా, చదువరికి అర్థమయ్యేలా టీకా రాసేవారు కావాలి. సూదిమందుకూ అంతే. అది దేహానికి జ్ఞాపకాన్ని ఇవ్వగలదు. ఆ సూదికి చేయి చాచే విశ్వాసాన్ని మాత్రం మనుషులే మనుషులకు ఇవ్వాలి.