శాసనం పలకగా మారిన వేళ: బయాస్ కథ



మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. తాను చూసుకునే సర్వర్‌లో బయాస్‌ను మారుస్తూండగా నడుమ కరెంటు పోయిందట, యూపీఎస్సూ మొరాయించిందట. "యంత్రం లేవనే లేదు మాస్టారూ!" అన్నాడు. జీవితమంతా ఛందోవ్యాకరణాలతో గడిపిన నాకు యంత్రాల సంగతి అంతంతమాత్రమే. అయినా, ఆ రాత చరిత్ర తెలుసుకోవాలనిపించింది.

బయాస్ అన్న పేరును 1970వ దశకం మధ్యలో గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం వ్యవస్థలో వాడాడు. 1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎం పీసీలో అది రోమ్ చిప్పులో స్థిరపడింది. కరెంటు అందగానే యంత్రాంగాలను పరీక్షించి, డిస్కు మీది వ్యవస్థను మేల్కొలపడం దాని పని. యంత్రానికి సుప్రభాతమన్నమాట.

ఆ రాత శిలాశాసనం వంటిది. మార్చాలంటే చిప్పునే మార్చాలి. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రోమ్‌ను అతినీలలోహిత కాంతితో చెరిపి తిరిగి రాయవచ్చు గాని, అందుకు చిప్పును బోర్డు నుండి ఊడదీయాలి. తోషిబాలో ఫుజియో మసుఓకా కనిపెట్టి, 1984లో లోకానికి తెలిపిన ఫ్లాష్ మెమరీ ఈ చిక్కును తీర్చింది. 1990లలో బయాస్‌ను ఉన్నచోటనే చెరిపి రాయడం వాడుకైంది. శాసనం కాస్తా పలకగా మారింది.

పలకను ఎవరైనా తుడవగలరు. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ 1998లో రాసిన సీఐహెచ్ వైరస్, 1999 ఏప్రిల్ 26న అనేక దేశాలలో డిస్కులను పాడుచేసింది. వీలు చిక్కిన బోర్డులలో బయాస్‌నూ చెరిపింది. అటువంటి యంత్రానికి మేలుకొలుపు పాడేవాడే లేడు.

అయితే మార్చకుండా ఉండరాదా? ఉండరాదు. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడినప్పుడు, దిద్దుబాట్లలో కొన్ని బయాస్ ద్వారానే అందాయి. అందుకే అనేక సర్వర్ బోర్డులలో రెండవ ప్రతిని ఉంచుతారు. కొత్త రాతకు తయారీదారు సంతకం ఉన్నదా అని పరీక్షిస్తారు. కొన్నింటిలో ప్రధాన ప్రాసెసర్ పడి ఉన్నా, బీఎంసీ అనే చిన్న ప్రాసెసరు బయాస్‌ను తిరిగి రాయగలదు.

మావాడి సర్వర్‌ను బతికించినదీ ఆ బీఎంసీయే. తెల్లవారుజామున యంత్రం లేచిందట. కొత్త ప్రతిని సరిచూడనిదే పాతప్రతిని విడువరాదని మా గురువుగారు తాళపత్రాల ముందు కూర్చోబెట్టి చెప్పిన మాట వాడికి చెప్పాను. "ఇక మీదట బ్యాటరీలు కూడా చూసుకుంటాను మాస్టారూ" అన్నాడు.

స్వస్తి.