అవటువు

పక్కింటి పిన్నిగారు "నాకు థైరాయిడ్ ఉందే అమ్మా" అంటుంటారు. లేనిదెవరికి పిన్నిగారూ అనాలనిపిస్తుంది గానీ అనను. తెలుగులో థైరాయిడ్ గ్రంథి పేరు కాదు, జబ్బు పేరు. గ్రంథికి బళ్ళో నేర్పే పేరు వేరే ఉంది: అవటు గ్రంథి. పరీక్ష రాసి బయటికొచ్చాక ఆ మాట ఎవరి నోటా వినపడదు.

ఏమిటీ అవటువు అని ఓ రోజు అమరకోశం తీశాను. మనుష్యవర్గంలో మెడ దగ్గరికొచ్చేసరికి అమరసింహుడు అవటు, ఘాట, కృకాటిక అని మూడు మాటలు ఒకే వరసలో పేర్చాడు. మూడూ మెడ వెనక భాగానికే పేర్లు. మనం ముచ్చిలిగుంట అంటామే, ఆ చోటు. థైరాయిడ్ ఉండేదేమో మెడకు ముందువైపు, సీతాకోకచిలుకలా శ్వాసనాళాన్ని కరుచుకుని. 1656లో థామస్ వార్టన్ దానికి గ్రీకువారి డాలు పేరు పెట్టాడు. డాలు ముందే ఉంటుంది కదా. మన పాత వైద్యులు కూడా ఆ గ్రంథి వాపును గళగండం అన్నారు. పరిభాష కూర్చినవారు మాత్రం, ఎందుకోగానీ, ముందున్నదానికి వెనకదాని పేరు తగిలించారు.

ఆ పొరపాటు పేరు ఒక్కచోట మాత్రం అతికినట్టుంటుంది. అవయవదాత మంచం పక్కన.

మెదడు కాండం ఉండేది ముచ్చిలిగుంటకు కాస్త పైన, లోపల. మన 1994 అవయవ మార్పిడి చట్టం దాని మరణాన్ని కూడా మనిషి మరణంగా లెక్కిస్తుంది. నలుగురు వైద్యులు, ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు పెట్టాలి. అప్పటికీ వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. రక్తం తీసి చూస్తే చాలామందిలో టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ పడిపోయి ఉంటుంది. గొంతులోని గ్రంథికి ఏ దెబ్బా తగల్లేదు. దానికి పురమాయించేది పైనున్న పీయూష గ్రంథి, అంటే పిట్యూటరీ. లాటిన్‌లో దానికి చీమిడి పేరు పెడితే మనవాళ్ళు పీయూషం అన్నారు. అంటే అమృతం, జున్నుపాలు కూడా. ఈ పేరు పెట్టినవారికి మాత్రం దండం పెట్టాలి. ఆ గ్రంథి దెబ్బతింటే మూత్రం లీటర్లకొద్దీ పోతుంది, రక్తపోటు జారుతుంది, థైరాయిడ్‌కు కబురు ఆగుతుంది.

అయితే కబురు ఆగడమొక్కటే కారణమంటే లెక్క కుదరదు. రక్తంలో ఉన్న మరో థైరాయిడ్ హార్మోన్ టీ4 సగానికి తగ్గడానికి వారం పడుతుంది, టీ3కి ఇంచుమించు ఒక రోజు. గంటల్లోనే టీ3 పడిపోయిందంటే, టీ4ను టీ3గా మార్చే పని ఒళ్లంతటా మందగించిందన్నమాట. తీవ్రంగా జబ్బుపడి ఐసీయూలో ఉన్న మనిషిలోనూ కనిపించేదే ఇది.

1967లో శస్త్రవైద్యుడు బార్నార్డ్ తొలిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చిన కేప్‌టౌన్‌లోనే, 1980లలో నోవిట్స్కీ, కూపర్ అనే వైద్యులు దాతలకు టీ3 ఎక్కిస్తే గుండె తేరుకుంటుందన్నారు. తగ్గినదాన్ని నింపితే సరిపోతుందన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో! చాలాచోట్ల అదే ఆనవాయితీ అయింది. 2023లో అమెరికాలో 838 మంది దాతలతో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. సగం మందికి లెవోథైరాక్సిన్ అనే టీ4 మందు, సగం మందికి ఉత్త సెలైన్. మార్పిడికి పనికొచ్చిన గుండెలు మందు ఎక్కించినవారిలో 54.9 శాతం, సెలైన్ ఎక్కించినవారిలో 53.2 శాతం. తేడా లేనట్టే. గొంతు ముందున్న లోటు పూడ్చినా, వెనక పోయినదాని పని జరగలేదు.

నిఘంటుకారులకు ఒక విన్నపం. అవటువు కింద థైరాయిడ్ అని రాసుకోండి, కాదనను. మెడ వెనక భాగం అన్న పాత అర్థాన్ని మాత్రం కొట్టేయకండి. మొదటి అర్థంగా దాన్నే ఉంచండి.