ఇంక్యుబేటర్‌లో విడతల పొదుగు

వేర్వేరు రోజుల్లో వేడికి పెట్టిన కోడిగుడ్లను ఒకే ఇంక్యుబేటర్‌లో పొదిగించడాన్ని విడతల పొదుగు అనవచ్చు. పిండం ఎదుగుదలకు లెక్క, గుడ్డు పెట్టిన నాటి నుంచి కాదు, వేడి తగిలిన నాటి నుంచి. పది రోజులపాటు పెట్టిన గుడ్లనైనా పెట్ట దాదాపు ఒకేసారి పిల్లలు లేపేది అందుకే. 15–18 డిగ్రీల చల్లదనంలో గుడ్లు వారం దాకా బాగుంటాయి. మన ఎండాకాలపు గది వేడికి మాత్రం పిండం అరకొరగా ఎదిగి చచ్చిపోతుంది.

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల సెల్సియస్ వద్ద పిల్ల 21 రోజులకు బయటికొస్తుంది. మొదటి 18 రోజులు తేమ 50 శాతం దగ్గర ఉంచి, రోజుకు మూడుసార్లైనా గుడ్లు తిప్పాలి. ఆ తర్వాత తిప్పడం ఆపి తేమను 65–70 శాతానికి పెంచాలి. చిక్కంతా ఇక్కడే. ముదురు గుడ్లకు కావలసిన తేమ లేత గుడ్లకు ఎక్కువ. వాటిలో నీరు తగినంత ఆవిరి కాక, మొద్దు వైపున్న గాలి గది చిన్నదిగా ఉండిపోతుంది. పైగా లేతవాటిని తిప్పడానికి మూత తీసిన ప్రతిసారీ తేమ పోతుంది. అప్పటికే పెంకు పొడిచిన గుడ్డులో పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. ముందు పుట్టిన పిల్లలు మిగతా గుడ్లను తొక్కి దొర్లిస్తాయి, నూగుతో, రెట్టతో మలినం చేస్తాయి.

ప్రతి గుడ్డుపై పెన్సిల్‌తో తేదీ రాసి, 18వ రోజున వేరే పెట్టెలోకి మార్చడమే నికరమైన దారి. రెండో పెట్టె లేనివారు వారం రోజుల గుడ్లు పోగేసి ఒకేసారి పెట్టడం మేలు. పుట్టిన పిల్లను తడి ఆరేదాకా లోపలే ఉంచవచ్చు. కడుపులో మిగిలిన పచ్చసొన దానికి రెండు రోజులు సరిపోతుంది.