పాపికొండల దారి: టేకు దుంగల నుంచి టూరిస్టు లాంచీల దాకా

యానాం అగ్రహారంలో పుట్టి పెరిగినవాళ్ళకి గోదావరి అంటే వెడల్పు. గౌతమి పాయ ఇక్కడికొచ్చేసరికి అవతలి ఎదుర్లంక ఒడ్డు సన్నటి పచ్చ గీతలా కనబడుతుంది. సముద్రం దగ్గర్లోనే ఉంది కాబట్టి పోటూ పాటూ కూడా తెలుస్తాయి. కొండన్నది మాత్రం కనుచూపు మేరలో ఉండదు. ఇదే నది నూటికి పైగా కిలోమీటర్ల ఎగువన రెండు కొండల మధ్య ఒదిగి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుందంటే మొదటిసారి చూసేదాకా నమ్మబుద్ధి కాదు. దసరా దాటి వరద నీరు తేరుకున్నాక యానాంలో కూడా పాపికొండల మాట మొదలవుతుంది. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా రాజమండ్రికి, అక్కడి నుంచి లాంచీల రేవుకి.

నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన గోదావరి తూర్పు కనుమల్ని దాటి మైదానంలోకి దిగే చోటు పాపికొండలు. కొండల రాయి వయసు వంద కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. కొండలకి కాస్త ఎగువన కూనవరం దగ్గర శబరి కూడా వచ్చి కలుస్తుంది. అంటే మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహక ప్రాంతంలో పడిన వానంతా దాదాపుగా ఈ ఇరుకులోంచే రావాలి. డెల్టాలో ఉన్నవాళ్ళకి ఈ లెక్క వేరే రూపంలో తెలుసు. భద్రాచలం నీటిమట్టం 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక పడిందంటే యానాంలో సామాన్లు అటక ఎక్కుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైంది. రెండుసార్లూ ఆ నీళ్ళు యానాం వీధుల్లోకి వచ్చాయి.

విహారయాత్ర అనే ఊహ పుట్టకముందు ఈ దారిన వచ్చిన పెద్ద ప్రయాణికులు దుంగలు. మన్యంలో నరికిన టేకునీ వెదురునీ తెప్పలుగా కట్టి ప్రవాహంలో వదిలితే రాజమండ్రి చేరేవి. అడవిలో బండి దారి లేని కాలంలో కలప రవాణాకి నదిని మించిన కూలీ లేదు. ఆ గోదావరి టేకు కిందికొచ్చి కోరంగి, నరసాపురం వంటి రేవుల్లో ఓడలైంది. 1839 తుఫాను కోరంగిని ముంచేసే దాకా యానాం పొరుగునే ఓడల పని జోరుగా సాగేది. ఫ్రెంచివాళ్ళు యానాంలో దిగిన రోజుల్లో ఈ తీరాన తేలిన ఓడల మూలం వెతికితే పై కొండల దాకా వెళ్ళాలి. తెప్ప నడిపేవాడికి కొండల అందంతో పనేముంటుంది? మలుపెక్కడ, సుడి ఎక్కడ, బండ ఎక్కడ, అంతే.

ఆ తరవాత ఈ దారి మీద కన్నేసింది ఆర్థర్ కాటన్. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆయన చూపు ఎగువకి మళ్ళింది. నాగపూర్, బీరారు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో కాకినాడ రేవుకి దింపాలన్నది ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకి పత్తి కరువయ్యేసరికి ఆ ఆలోచనకి బలమొచ్చింది. నదికి అడ్డుగా ఉన్న రాతి మెట్లు మూడు చోట్ల ఉన్నాయి. వాటిలో మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. అక్కడ హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఆనకట్ట, లాకులు కట్టారు. ఈలోగా బొంబాయి నుంచి రైలు 1867లో నాగపూర్ చేరిపోయింది. పత్తి పడమటి దారి పట్టింది. 1871లో పనులు ఆపేశారు. కాటన్ దొరకి గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి గానీ, ఆయన ఓడిపోయిన ఈ పందెం గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నాకైతే ఆనకట్ట కథ కన్నా ఇదే ఆసక్తిగా ఉంటుంది.

సామాను దారి కాలేకపోయింది గానీ భక్తుల దారిగా ఇది నిలబడింది. శ్రీరామనవమికి కోస్తా నుంచి భద్రాచలం వెళ్ళాలంటే రాజమండ్రిలో పడవో, ఆ తరవాతి కాలంలో లాంచీయో ఎక్కాల్సిందే. దారిలో పట్టిసీమ వీరభద్రుడికో దండం, ఇసకతిన్నె మీద వంట, రాత్రి పడక. కొండలు వస్తే దోమలనీ చలి అనీ విసుక్కునేవాళ్ళే ఎక్కువ ఉండి ఉంటారని నా అనుమానం.

1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. రోడ్లు మెరుగుపడ్డాయి, బస్సులొచ్చాయి. లాంచీ ఎక్కి తీరాల్సిన అవసరం తగ్గింది. సరిగ్గా ఆ తరవాతే ఆ ప్రయాణం అందంగా కనిపించడం మొదలైంది. 1973లో బాపు ‘అందాల రాముడు’ తీశారు. భద్రాచలం వెళ్ళే పడవలో అక్కినేని, గోదారి గాలి, కొండలు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అదే దారిని కొత్త తరానికి చూపించింది. ఆ సినిమా చూసి హైదరాబాదు నుంచి బయల్దేరినవాళ్ళకి లెక్కలేదు. తాతలు గత్యంతరం లేక చేసిన ప్రయాణానికి మనవలు టికెట్టు కొని వెళ్ళారు.

ఇప్పటి యాత్రలో లాంచీ గండిపోచమ్మ గుడి దాటి, దేవీపట్నం మీదుగా ఇరుకులోకి వెళ్తుంది. అటు భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళు పోచవరంలో ఎక్కుతారు. రెండు దారులూ కలిసేది పేరంటపల్లిలో. అక్కడ బాలానందస్వామి స్థాపించిన ఆశ్రమం, శివాలయం, పక్కనే కొండమీంచి దిగే సెలయేరు. మెట్లెక్కి ఆ నీళ్ళ దాకా నడవాలి. లాంచీ మైకు హోరు అక్కడికి రాదు, అదొక సుఖం. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలూ బుట్టలూ దారి పొడుగునా అమ్ముతారు. జలపాతాల కోసమే వెళ్ళేవాళ్ళు లాంచీ వదిలి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు తిరగడం మంచిది. రంప జలపాతం, జలతరంగిణి, అమృతధార అటే ఉన్నాయి. అడవి నడకకి కూడా అదే సరైన చోటు. 1978లో అభయారణ్యమైన పాపికొండల అడవిని 2008లో జాతీయ పార్కు చేశారు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా.

వరద రోజుల్లో ఈ నది దారిన రాకూడదని పాత సరంగులకి తెలుసు. 2019 సెప్టెంబరు 15న అయిదు లక్షల క్యూసెక్కుల వరదలో డెబ్బై మందికి పైగా ఎక్కించుకుని వెళ్ళిన ‘రాయల్ వశిష్ఠ’ అనే పడవ కచ్చులూరు మందం దగ్గర తిరగబడింది. నది అక్కడ మలుపు తిరుగుతుంది, లోతు రెండొందల అడుగుల పైమాటే, నీళ్ళు గుండ్రంగా లాగుతాయి. ఎందరో పోయారు, కొందరి శవాలు కూడా దొరకలేదు. 38 రోజుల తరవాత కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లూ ఇనప తాళ్ళూ వేసి పడవని బయటికి లాగింది. పెద్ద యంత్రాలున్నవాళ్ళు చేతులెత్తేసిన పని అది. రేవుల దగ్గర కంట్రోల్ రూములు, వరద మట్టాన్ని బట్టి అనుమతులు ఆ తరవాత వచ్చాయి.

ఇక పోలవరం ప్రాజెక్టు. 1940ల్లో రామపాదసాగర్ పేరుతో మొదలైన ప్రతిపాదనకి 2004లో శంకుస్థాపన జరిగింది. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదికి మళ్ళించాక దేవీపట్నం మండలంలో ఊళ్ళు మునిగాయి. గండిపోచమ్మ గుడి కూడా ఏటా వరదలో మునుగుతోంది. జలాశయం 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నిండితే ఇసకతిన్నెలు ఉండవు, ఒడ్డు ఊళ్ళు ఉండవు, కొండలు ఆ మేరకు పొట్టివవుతాయి. సుడులు తగ్గి లాంచీలకి మాత్రం ఏడాది పొడుగునా లోతు దొరుకుతుంది. పడవలు దాటడానికి ప్రాజెక్టులో లాకు కూడా పెట్టారు. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలతోపాటు భద్రాచలం–రాజమండ్రి మధ్య 171 కిలోమీటర్ల గోదావరి కూడా ఉంది. కాటన్ పత్తి కోసం అడిగిన దారి, కాగితం మీదైతే, మళ్ళీ మంజూరైంది.